బ్యాక్టీరియా ప్రోటీన్‌తో క్యాన్సర్ తగ్గుతుందా? దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్నకు నా జవాబు

మీరు అడిగింది రెండు సంగతులు. హైదరాబాద్‌లో బ్లడ్ క్యాన్సర్‌కు వైద్యం తీసుకుంటున్న మీ ఆరేళ్ల మేనల్లుడికి ‘ఆస్పరజినేజ్’ అనే సూది వేస్తున్నారు. అది బ్యాక్టీరియా నుంచి తీసిన మందని నర్సు చెప్పేసరికి మీ అక్కకు టెన్షన్ పట్టుకుంది. పిల్లవాడికి అసలే రోగనిరోధక శక్తి తక్కువ, ఇది వేస్తే ఇన్ఫెక్షన్ రాదా అన్నది మొదటి ప్రశ్న. రెండోది మీ నాయన గురించి. ఆయనకు నోటి క్యాన్సర్, రేడియేషన్ నడుస్తోంది. బ్యాక్టీరియా ప్రోటీన్‌తో ఏ క్యాన్సరైనా పోతుందని ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. రేడియేషన్ ఆపేసి అది ఇప్పించవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. పిల్లవాడికి వేస్తున్నది నిజంగానే బ్యాక్టీరియా ప్రోటీన్. దానివల్ల ఇన్ఫెక్షన్ రాదు, ఒక్క డోసు కూడా మానిపించకండి. మీ నాయన జబ్బుకు మాత్రం అనుమతి పొందిన బ్యాక్టీరియా ప్రోటీన్ మందు ఈ రోజు వరకు ఏదీ లేదు. రేడియేషన్ ఒక్క రోజు కూడా ఆపకండి.

నేను పిల్లల క్యాన్సర్ డాక్టర్‌ని. మాదీ నల్లగొండ జిల్లానే. పని హైదరాబాద్‌లో అయినా నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఓపీ చూస్తుంటాను. ఈ సూది మీద మీ అక్కకు వచ్చిన అనుమానం మిర్యాలగూడ నుంచి నాగర్‌కర్నూల్ దాకా చాలామంది తల్లులు అడిగిందే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒంట్లో ప్రతి కణానికీ ప్రోటీన్లు కట్టుకోవడానికి ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. మామూలు కణాలు అది రక్తంలో దొరక్కపోయినా సొంతంగా తయారు చేసుకుంటాయి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ రకం బ్లడ్ క్యాన్సర్ కణాలకు ఆ శక్తి చాలా తక్కువ. రక్తంలో దొరికే ఆస్పరజిన్ మీదే అవి బతకాలి. ఆస్పరజినేజ్ అనే ఎంజైమ్ రక్తంలోని ఆస్పరజిన్‌ను ఆస్పార్టిక్ ఆమ్లంగా, అమ్మోనియాగా విడగొట్టేస్తుంది. తిండి అందక క్యాన్సర్ కణాలు చస్తాయి, మిగతా కణాలు చాలావరకు తట్టుకుంటాయి. మామూలు కీమో మందులు వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ దెబ్బ తీస్తాయి కాబట్టి జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది. ఇది అలా కాదు, ఆ జబ్బు కణానికున్న ఒక లోపం మీదే గురి పెడుతుంది.

ఇది ఎవరో ముందే ఊహించి చేసిన మందు కాదు. 1953లో న్యూయార్క్‌లో జాన్ కిడ్ అనే పరిశోధకుడు వేరే పని మీద ఎలుకలకు గినీ పిగ్ సీరం (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) ఎక్కించాడు. కొన్ని ఎలుకల్లో లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, గడ్డలు కరిగిపోయాయి. కుందేలు సీరానికీ గుర్రం సీరానికీ ఆ గుణం కనిపించలేదు. ఆ సీరంలో పని చేస్తున్నది ఆస్పరజినేజ్ అని 1961లో జాన్ బ్రూమ్ తేల్చాడు. అయితే గినీ పిగ్ ఒంట్లో ఉండే రక్తమెంత, పిల్లలందరికీ సరిపడా మందు తీయడం ఎలా? 1964లో మాష్‌బర్న్, రిస్టన్ అనే ఇద్దరు ఈ.కోలి బ్యాక్టీరియా నుంచి తీసిన ఆస్పరజినేజ్ కూడా అదే పని చేస్తుందని చూపించారు. బ్యాక్టీరియాను ట్యాంకుల్లో ఎంతైనా పెంచవచ్చు. 1978లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఈ రోజు ప్రపంచంలో పిల్లల ఏఎల్ఎల్ వైద్యంలో ఈ ఎంజైమ్ లేని పద్ధతి దాదాపు లేదు. ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 90 మంది దాకా బతుకుతున్నారంటే, అందులో ఈ సూది వాటా చాలా పెద్దది.

ఇక ఇన్ఫెక్షన్ భయం. సీసాలో ఉండేది బ్యాక్టీరియా కాదు. దాన్ని పగలగొట్టి, ఆ ఒక్క ప్రోటీన్‌ను వేరు చేసి, శుద్ధి చేసి, ఎండబెట్టిన తెల్లటి పొడి. అందులో బతికున్నది ఏదీ ఉండదు. షుగర్ ఉన్నవాళ్లు తీసుకునే ఇన్సులిన్‌లో కొన్ని రకాలను కూడా 1982 నుంచి ఈ.కోలిలోనే తయారు చేస్తున్నారు.

కానీ ఇన్సులిన్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. అది గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ అర్థమవుతాయి. ఇన్సులిన్ మనిషి ప్రోటీన్, బ్యాక్టీరియా దాన్ని తయారు మాత్రమే చేస్తుంది. ఆస్పరజినేజ్ బ్యాక్టీరియా సొంత ప్రోటీన్. కాబట్టి పిల్లవాడి ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తుపడుతుంది, యాంటీబాడీలు తయారు చేస్తుంది. అందుకే మొదటి డోసుల్లో ఏమీ కాని పిల్లవాడికి కొన్ని వారాలు లేదా నెలల తర్వాత మళ్లీ వేసినప్పుడు దద్దుర్లు లేవచ్చు, పెదాలు వాయవచ్చు, ఆయాసం రావచ్చు, బీపీ పడిపోవచ్చు. ‘పోయినసారి ఏం కాలేదు కదా’ అన్న ధీమా ఈ మందు విషయంలో పనికిరాదు. సూది వేశాక కనీసం గంటసేపు ఆసుపత్రిలోనే ఉండమనేది అందుకే. బస్సు టైమ్ అవుతోందని, చీకటి పడుతోందని ఆ గంట కాకముందే లేచి వెళ్లకండి.

దేవరకొండ దారిలోని ఒక మండలం నుంచి వచ్చే కుటుంబం సంగతి చెప్తాను. ప్రతి సూదికీ హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా ప్రయాణం, తల్లికి బస్సు ఉచితమే అయినా తండ్రికి ఆ రోజు కూలీ పోతుంది. అందుకని మందు సీసా ఇంటికి తెచ్చుకుని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత వేయించారు. సూది వేసిన పది నిమిషాల్లోపే పాప ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు. అక్కడ అడ్రినలిన్ (తీవ్రమైన అలర్జీని ఆపే సూది) లేదు, ఆక్సిజన్ లేదు. దేవుడి దయ, అదే వీధిలో ఆటో దొరికింది, దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో అడ్రినలిన్ ఇచ్చారు, పాప దక్కింది. ఈ సూదిని ఆర్‌ఎంపీ చేత, ఇంటి దగ్గర, ఊళ్లో క్లినిక్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయించకండి. దారి ఖర్చు భారమైతే ఆ మాట మీ ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌తో చెప్పండి. వసతికీ ప్రయాణానికీ సాయపడే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి, అడిగితేనే తెలుస్తాయి.

ఇంకొక రకం సమస్య ఉంది, అది కంటికి కనపడదు. కొంతమంది పిల్లల్లో దద్దుర్లేమీ రాకుండానే యాంటీబాడీలు మందును లోలోపలే పనికిరాకుండా చేస్తాయి. సూది పడుతూనే ఉంటుంది, రక్తంలో ఎంజైమ్ మాత్రం ఉండదు. దీన్ని పట్టుకోవాలంటే రక్తంలో ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలవాలి. మిల్లీలీటరుకు 0.1 యూనిట్ కంటే తగ్గకూడదన్నది ఎక్కువమంది పాటించే లెక్క. ఈ పరీక్ష అన్ని చోట్లా లేదు. మీ డాక్టర్‌ని అడగడంలో తప్పులేదు. అలర్జీ వస్తే ఎర్వీనియా అనే వేరే బ్యాక్టీరియా నుంచి తీసిన ఆస్పరజినేజ్‌కు మారుస్తారు. ఈ.కోలి రకానికి పుట్టిన యాంటీబాడీలు సాధారణంగా దాన్ని పట్టుకోవు. కానీ అది మన దగ్గర దొరకడం కష్టం, ధర కూడా చాలా ఎక్కువ.

సూదుల సంఖ్య గురించి కూడా అడిగారు. పక్క బెడ్ పిల్లవాడికి రెండు వారాలకొకటి, మావాడికి వారంలో రెండు మూడు ఎందుకని. మీవాడికి వేస్తున్నది మామూలు ఈ.కోలి రకం అయి ఉంటుంది, అది రక్తంలో ఎక్కువ రోజులు నిలవదు. పక్క పిల్లవాడిది పెగ్ అనే రసాయనం అతికించిన రకం. అది చాలా రోజులు నిలుస్తుంది, అలర్జీ కూడా తక్కువ, ఖరీదు ఎక్కువ. రెండూ మంచి మందులే.

మంచి మందులే అన్నాను కానీ నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటుంది. మన దేశంలో అమ్మే కొన్ని జనరిక్ ఆస్పరజినేజ్‌ల నాణ్యత సరిగా లేదని 2021లో ఇక్కడి డాక్టర్లే పరిశోధన చేసి ప్రచురించారు. బ్రెజిల్‌లోనూ దిగుమతి చేసుకున్న ఒక రకం మీద 2017లో పెద్ద గొడవ జరిగింది. పారాసెటమాల్ లాంటి చిన్న అణువును నకలు చేయడం తేలిక. ప్రోటీన్ అలా కాదు. మడత సరిగా పడాలి, కల్మషం పోవాలి, తయారైన నాటి నుంచి సూది ఎక్కే దాకా చల్లగా ఉండాలి. ఇది తల్లిదండ్రులు చూసుకోగలిగిన పని కాదు. ఆసుపత్రులూ ప్రభుత్వమూ కొనేటప్పుడే పరీక్షించి కొనాలి. ఒక్క రూపాయి తక్కువ కోట్ చేసినవాడికి టెండర్ ఇచ్చే పద్ధతి ఈ మందుకు పనికిరాదని నేను ప్రతి మీటింగ్‌లోనూ చెప్తున్నాను, ఇక్కడా చెప్తున్నాను.

చల్లదనం మాత్రం కొంత మీ చేతిలో ఉంటుంది. ఒక్కోసారి సీసా బయట ఫార్మసీలో కొని వార్డుకు తెమ్మంటారు. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలు ఉంటుంది, చేతి సంచిలో వేసుకుని బస్సులో తెస్తే మందు పాడవుతుంది. ఐస్ బాక్స్ అడగండి. అలాగని సీసాను నేరుగా ఐస్ గడ్డల మధ్య కుక్కకండి, మధ్యలో గుడ్డో అట్టో పెట్టండి. కల్వకుర్తి వైపు నుంచి వచ్చే ఒక తల్లి ఎంతో జాగ్రత్తగా సీసాను ఇంటి ఫ్రిజ్‌లో పై అరలో, ఐస్ తయారయ్యే చోట పెట్టింది. గడ్డకట్టిన సీసా వాడకూడదు, పారేయాల్సి వచ్చింది. నీళ్లు కలిపాక సీసాను గట్టిగా కుదిపినా నురగ వచ్చి ప్రోటీన్ దెబ్బతింటుంది. వార్డులో నర్సమ్మ దాన్ని అరచేతుల మధ్య మెల్లగా తిప్పడం మీ అక్క చూసే ఉంటుంది, కారణం అదే.

ఇంటికెళ్లాక ఈ మూడు రకాల్లో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి: పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే నొప్పి, దానితో వాంతులు (క్లోమం వాచిందేమో చూడాలి), తగ్గని తలనొప్పి, ఫిట్స్, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం (మెదడు రక్తనాళంలో గడ్డ కట్టిందేమో చూడాలి), విపరీతమైన దాహం, మాటిమాటికీ ఒంటేలు (స్టెరాయిడ్‌తో కలిసినప్పుడు షుగర్ పెరగవచ్చు). కడుపు నొప్పికి గ్యాస్ మాత్ర వేసి చూద్దాం అనుకోవడం ఇక్కడ ప్రమాదం. జ్వరం సంగతి మీకు ముందే చెప్పి ఉంటారు, 100.4 దాటితే ఏ వేళైనా ఆసుపత్రికే.

తిండి గురించి ఒక మాట. ఆస్పరజిన్ పప్పుల్లో, మాంసంలో, గుడ్లలో ఉంటుందని ఎక్కడో చదివి, అవి మానేస్తే మందు ఇంకా బాగా పని చేస్తుందని కొందరు పిల్లల నోరు కట్టేస్తున్నారు. వనపర్తి నుంచి వచ్చే ఒక బాబుకు వట్టి అన్నం, చారు మాత్రమే పెట్టారు. బాబు చేతులు పుల్లల్లా అయ్యాయి, కీమో వాయిదా వేయాల్సి వచ్చింది. తిండిలో మానేసినా ఆస్పరజిన్‌ను మన లివర్ తయారు చేస్తూనే ఉంటుంది. తిండి ఆపడం వల్ల క్యాన్సర్‌కు నష్టం లేదు, పిల్లవాడికే నష్టం. పప్పు, గుడ్డు, బాగా ఉడికిన మాంసం శుభ్రంగా పెట్టండి. ఈ సూది నడుస్తున్న రోజుల్లో నూనె వేపుళ్లు మాత్రం తగ్గించండి, రక్తంలో కొవ్వు పెరిగే అవకాశం ఉంది.

ఇప్పుడు మీ నాయన సంగతి, ఆ వీడియో సంగతి.

వీడియోలో చెప్పింది పూర్తిగా గాలి మాట కాదు, అందుకే అది ప్రమాదం. బ్యాక్టీరియా ప్రోటీన్లతో తయారై, అనుమతి పొందిన క్యాన్సర్ మందులు ఇంకా కొన్ని ఉన్నాయి. డిఫ్తీరియా, అంటే మన పెద్దవాళ్లు కంఠసర్పి అనే జబ్బు, తెచ్చే బ్యాక్టీరియా విషం కణంలో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. ఒక్క అణువు లోపలికి వెళ్లినా కణం చావచ్చు. ఆ విషంలో కణానికి అతుక్కునే భాగాన్ని తీసేసి, క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే మరో ప్రోటీన్ ముక్కను అతికించి మందు చేశారు. చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమాకు 1999లో అలాంటి దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. తర్వాత అది మార్కెట్ నుంచి పోయి, కొత్త రూపంలో 2024లో మళ్లీ అనుమతి పొందింది. అదే విషంతో చేసిన ఇంకొకటి బీపీడీసీఎన్ అనే చాలా అరుదైన రక్త క్యాన్సర్‌కు 2018లో వచ్చింది. సూడోమోనాస్ బ్యాక్టీరియా విషంతో చేసిన మందుకు కూడా 2018లోనే హెయిరీ సెల్ లుకేమియా అనే అరుదైన రక్త క్యాన్సర్ కోసం అనుమతి దొరికింది. వాడేవాళ్లు మరీ తక్కువై 2023లో కంపెనీయే దాన్ని అమెరికా మార్కెట్ నుంచి తీసేసింది.

గమనించండి, అన్నీ రక్తానికో లింఫుకో సంబంధించిన జబ్బులే. నోటిలో, ఊపిరితిత్తుల్లో, పొట్టలో గట్టిగా కట్టిన గడ్డ లోపలికి ఇంత పెద్ద ప్రోటీన్ చొరబడడం కష్టం. పైగా కొన్ని డోసులు పడేసరికి ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. డిఫ్తీరియా టీకా వేయించుకున్నవాళ్లలో ముందే ఉంటాయి. రక్త క్యాన్సర్ రోగుల్లో రోగనిరోధక శక్తి కుంగి ఉంటుంది కనుక యాంటీబాడీలు తక్కువ, మందుకు కాస్త వెసులుబాటు దొరుకుతుంది. దుష్ఫలితాలు కూడా తేలికైనవి కావు, సన్న రక్తనాళాల నుంచి నీరు కారి ఒళ్లు వాచి బీపీ పడిపోవడం వీటిలో బాగా తెలిసిన ప్రమాదం.

వీడియోలో ‘భారతీయ శాస్త్రవేత్త కనిపెట్టిన అద్భుత ప్రోటీన్’ అన్నారని రాశారు. అది అజూరిన్ గురించి అయి ఉంటుంది. బెంగాల్‌లో పుట్టి షికాగోలో పని చేసిన ఆనంద చక్రవర్తి చాలా గొప్ప శాస్త్రవేత్త. ఆయన మార్చిన బ్యాక్టీరియా మీద పేటెంట్ కేసు 1980లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచింది. సూడోమోనాస్‌లోని అజూరిన్ అనే ప్రోటీన్ క్యాన్సర్ కణాల్లోకి దూరి, కణాన్ని కాపలా కాసే పి53 అనే ప్రోటీన్‌ను నిలబెడుతుందని ఆయన బృందం చూపింది. అందులోని 28 అమైనో ఆమ్లాల ముక్క పి28. దాన్ని 15 మంది రోగులకు ఇచ్చి చూసిన మొదటి దశ ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. మందును తట్టుకోగలిగారు, నలుగురిలో గడ్డ తగ్గిన ఆనవాళ్లు కూడా కనిపించాయి. కానీ మొదటి దశ చూసేది ప్రమాదం ఉందా లేదా అన్నదే. జబ్బు తగ్గుతుందని తేల్చే పెద్ద ట్రయల్స్ దాటి అది మందుగా రాలేదు. చక్రవర్తి గారు 2020లో కన్నుమూశారు. ఆ పని మీద నాకు గౌరవం ఉంది, ఆశ కూడా ఉంది. ఆ ఆశను సీసాలో పోసి అమ్మేవాళ్ల మీదే నా కోపం.

ఎందుకంటే ఆ పేరుతో పొడులు అమ్ముతున్నారు. అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు గొంతు క్యాన్సర్. రేడియేషన్ సగంలో ఆపేసి, ‘బ్యాక్టీరియా ప్రోటీన్’ డబ్బాలకు ఎకరం పొలం అమ్మిన డబ్బు పెట్టారు. ఆ డబ్బా నాకు తెచ్చి చూపించారు. లేబుల్ మీద తయారీ లైసెన్స్ నంబర్ లేదు, మోతాదు ‘ఉదయం ఒక చెంచా పాలలో’ అని ఉంది. నోటితో మింగిన ప్రోటీన్ పప్పులోని ప్రోటీన్ లాగే కడుపులో అరిగిపోతుంది. నేను పైన చెప్పిన క్యాన్సర్ ప్రోటీన్ మందులన్నీ కండలోకో నరంలోకో ఎక్కించేవే. క్యాన్సర్ తగ్గించే ప్రోటీన్ అంటూ నోటితో తాగమన్నారంటే, అది మందు కాదు.

మీకు ఇంకెవరో బీసీజీ టీకాతో క్యాన్సర్ తగ్గుతుందని చెప్పారట. అది నిజమే కానీ మూత్రాశయం లోపలి పొరకు వచ్చిన, లోతుకు పోని క్యాన్సర్‌కు మాత్రమే. 1976 నుంచి వాడుకలోకి వచ్చింది, మందును గొట్టం ద్వారా మూత్రాశయంలోకే పోస్తారు. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియా, వేరు చేసిన ప్రోటీన్ కాదు. నోటి క్యాన్సర్‌కు దానితో పని లేదు.

నోటి క్యాన్సర్ నా విభాగం కాకపోయినా, మా రేడియేషన్ డాక్టర్లతో రోజూ కలిసి పని చేసేవాడిగా ఒక్కటి గట్టిగా చెప్తాను. రేడియేషన్ సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఉంటుంది. మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మునుపటి కంటే వేగంగా పెరుగుతాయి, తర్వాత మొదలుపెట్టినా పోయిన రోజులు పూర్తిగా తిరిగి రావు. మీ నాయన ఆపేద్దామంటున్నది వీడియో చూసి మాత్రమే కాకపోవచ్చు. మూడో వారం నుంచి నోరు పుండ్లు పడి, గుటక మింగడం నరకం అవుతుంది. ఆ బాధ డాక్టర్‌తో చెప్పండి. నొప్పి మందు పెంచుతారు, మింగలేకపోతే ముక్కు గొట్టం వేసి తిండి ఎక్కిస్తారు. గుట్కా, జర్దా ఇంకా ఉంటే ఈ రోజే ఆపించండి, రేడియేషన్ నడుస్తుండగా పొగాకు వాడితే వైద్యం ఫలితం తగ్గుతుంది.

కొత్త మందుల ట్రయల్‌లో చేర్పించాలని మీకు నిజంగా ఉంటే అందుకు సరైన దారి ఉంది. మన దేశంలో 2009 నుంచి మందుల ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు, జబ్బు పేరు కొట్టి ఏ ఆసుపత్రిలో ఏం జరుగుతోందో తెలుసుకోవచ్చు. పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు, అంగీకార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఇస్తారు. వీడియోలోని ఫోన్ నంబర్‌కు చేసి రెండే అడగండి: సీటీఆర్‌ఐ నంబర్ ఎంత, మందుకు ఎంత తీసుకుంటారు. వాళ్లేమన్నారో ఇక్కడే రాయండి. నంబర్ ఇస్తే నేనే వెతికి చూసి చెప్తాను. మీ నాయన బయాప్సీ రిపోర్ట్ కూడా పేరూ ఫోన్ నంబరూ కొట్టేసి పెట్టండి, మా దగ్గర నోటి క్యాన్సర్ చూసే డాక్టర్‌కు చూపిస్తాను.